ఇది ఇక్కడే ఎందుకుంది? భూగోళ శాస్త్రంపై అపోహలు - వాస్తవాలు

అపోహ: భూగోళ శాస్త్రమంటే రాజధానులు, నదులు, పర్వతాల పేర్లు బట్టీ పట్టడమే.

వాస్తవం: నేను ఈ సబ్జెక్టు బోధిస్తానని తెలియగానే ఏదో ఒక దేశం రాజధాని అడిగేవాళ్లే ఎక్కువ. పేర్లు తెలియాలి, కాదనను. కానీ మాకు పని పెట్టే ప్రశ్న వేరు: ఇది ఇక్కడే ఎందుకుంది, ఆ పక్కన ఎందుకు లేదు?

1854లో లండన్‌లోని సోహోలో కలరా ప్రబలింది. చెడు గాలి వల్లే ఆ జబ్బు వస్తుందని నమ్మే రోజులవి. నీటి మీద అనుమానం ఉన్న డాక్టర్ జాన్ స్నో మరణాలు జరిగిన ఇళ్లను పటం మీద గుర్తించాడు. అవి ఎక్కువగా బ్రాడ్ స్ట్రీట్ నీటి పంపు చుట్టూనే ఉన్నాయి. ఇంకా విలువైన ఆధారం ఆ పంపు పక్కనే దొరికింది. అక్కడి బీరు కర్మాగారం కార్మికుల్లో ఒక్కరూ కలరాతో చనిపోలేదు. వాళ్లకు తాగడానికి బీరు ఉండేది, లోపల సొంత బావీ ఉండేది. అంటే వాళ్లు ఆ పంపు నీళ్లు తాగలేదు. ఎక్కడ ఉందో ఎంత ముఖ్యమో, ఎక్కడ లేదో కూడా అంతే ముఖ్యం.

అపోహ: ఒక ఊరి స్థానం ఎప్పటికీ మారదు.

వాస్తవం: అక్షాంశ రేఖాంశాలు మారవు. మిగతా ప్రపంచంతో దానికున్న సంబంధం మారుతుంది. యూరప్, ఆసియాల మధ్య ఆఫ్రికా దక్షిణ కొనను చుట్టి తిరిగే ఓడలకు అట్లాంటిక్‌లోని సెయింట్ హెలెనా దీవి మంచి మజిలీ. 1869లో సూయెజ్ కాలువ తెరిచారు, ఆవిరి ఓడలూ పెరిగాయి. దీవి ఉన్నచోటే ఉంది, దారి మాత్రం దానికి దూరమైపోయింది. అందుకే మేం దూరాన్ని కిలోమీటర్లతో పాటు సమయంలోనూ ఖర్చులోనూ కొలుస్తాం.

అపోహ: మనుషులెలా ఉండాలో వాతావరణమే నిర్ణయిస్తుంది.

వాస్తవం: వేడి ప్రాంతాల వాళ్లు సోమరులనే మాట ఒకప్పుడు పండితులే రాశారు. వలస పాలనను సమర్థించుకోవడానికి అది బాగా పనికొచ్చింది. ఈ అపోహ మీద నాకు ఇప్పటికీ కోపమే. ప్రకృతి అవకాశాలిస్తుంది, వాటిలో ఏది ఎంచుకోవాలో మనుషులు చూసుకుంటారని ఫ్రెంచి భూగోళవేత్త విడాల్ ద లా బ్లాష్ వాదించాడు. నెదర్లాండ్స్‌లో దాదాపు నాలుగో వంతు నేల సముద్ర మట్టం కంటే దిగువన ఉంది. అయినా కట్టలు కట్టి, నీళ్లు తోడి జనం అక్కడే నివసిస్తున్నారు.

అపోహ: ప్రపంచ పటంలో పెద్దగా కనిపించేదే పెద్ద దేశం.

వాస్తవం: 1569 నాటి మెర్కేటర్ పటం నావికుల దిక్కుల కోసం గీసింది. అందులో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా ఇంచుమించు ఒకే సైజులో కనిపిస్తాయి. నిజానికి ఆఫ్రికా దాదాపు 14 రెట్లు పెద్దది.

అపోహ: ఒక ప్రాంతం సగటు తెలిస్తే అక్కడి మనుషులు తెలిసినట్టే.

వాస్తవం: చదువుకున్నవాళ్లు కూడా ఎక్కువగా పడే పొరపాటిది. 1930 నాటి అమెరికా జనాభా లెక్కలను సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ. ఎస్. రాబిన్సన్ 1950లో విశ్లేషించాడు. విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో అక్షరాస్యత ఎక్కువగా ఉంది. అయితే వలస వచ్చినవాళ్లే ఎక్కువ చదువుకున్నారా? వ్యక్తుల వారీగా చూస్తే సంగతి తిరగబడింది. నిరక్షరాస్యత వాళ్లలోనే కాస్త ఎక్కువ. అక్షరాస్యత బాగా ఉన్న రాష్ట్రాలకు వాళ్లు ఎక్కువగా వెళ్లి స్థిరపడ్డారు, అంతే.

స్కేలు, అంటే మనం లెక్క చూసే స్థాయి (రాష్ట్రమా, వ్యక్తా), మారితే జవాబు మారుతుందంటే ఇదే. సరిహద్దులు ఇంకోలా గీసినా మారుతుంది. అదే జనం, అవే లెక్కలు, గీతలు కాస్త జరిపితే "వెనకబడిన ప్రాంతం" మాయమవుతుంది, లేదా ఇంకోచోట తేలుతుంది. అందుకే రంగులు నింపిన ఏ పటం చూపించినా నా విద్యార్థులను మొదట అడిగేది రంగుల గురించి కాదు. ఆ గీతలు ఎవరు గీశారు, ఎంత చిన్న యూనిట్ దాకా లెక్కలున్నాయి, ఒక్కో గీత లోపల తేడాలు ఎంతున్నాయి అని.