తుప్పు తినేసిన స్క్రూ ఎందుకు బిగుసుకుంటుంది?

తుప్పు ఇనుమును తినేస్తుంది కదా, మరి పాత కారులో తుప్పు పట్టిన స్క్రూ వదులు కావాల్సింది పోయి ఇంకా బిగుసుకుంటుందేం? ఒక పాఠకుడి ప్రశ్న ఇది. బడిలో తుప్పు ఫార్ములా బట్టీ పట్టిస్తారు, అది ఎంత చోటు ఆక్రమిస్తుందో మాత్రం చెప్పరు. కిటుకంతా అక్కడే ఉంది!

ఇనుము సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.87 గ్రాములు. తుప్పులో తరచూ కనిపించే గోథైట్ సాంద్రత 4.3 మాత్రమే. పైగా అందులో ఆక్సిజన్, హైడ్రోజన్ కూడా చేరాయి. లెక్క కడితే ఒక వంతు ఇనుము దాదాపు 3 వంతుల తుప్పవుతుంది. 6 మిల్లీమీటర్ల స్క్రూ మరలకూ, రంధ్రం లోపలి మరలకూ మధ్య సందు కొన్ని పదుల మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). రెండు వైపులా 10 మైక్రాన్ల చొప్పున ఇనుము పోతే చాలు, ఒక్కో వైపు 30 మైక్రాన్ల తుప్పు పేరుకుంటుంది. పోయింది 20, వచ్చింది 60. మిగతా 40 మైక్రాన్లు ఆ సందులోనే ఇరుక్కోవాలి. ఇక నూనె దూరడానికీ దారి ఉండదు. విశాఖ సముద్రపు గాలికి స్లాబు పెచ్చులూడేదీ ఇందుకే, లోపలి కడ్డీ ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. కారులో చక్రం బిగించే లోహపు దిమ్మె, అంటే హబ్బు, పగలదు కాబట్టి ఆ ఒత్తిడంతా మరల్లోనే నిలిచిపోతుంది.

పాత హోండా కార్లలో ముందు బ్రేకు డిస్కును హబ్బుకు పట్టి ఉంచే 2 స్క్రూలు దీనికి సరైన ఉదాహరణ. వాటి తల మీద ప్లస్ గాడి, దానికి 3వ నంబరు బిట్ (గాడిలో కూర్చునే మొన). గాడి గోడలు ఏటవాలు కాబట్టి తిప్పే బలంలో కొంత బిట్‌నే బయటికి నెడుతుంది. మామూలు స్క్రూడ్రైవర్‌తో పట్టుబడితే గాడి అరిగిపోతుంది.

తుప్పు గట్టిదే కానీ పెళుసు. నిదానంగా తోస్తే ఓర్చుకుంటుంది, దెబ్బకు చిట్లుతుంది. ఇంపాక్ట్ డ్రైవర్ చేసేది అదే: సుత్తి దెబ్బ పడగానే బిట్‌ను గాడిలోకి దించుతూ, అదే క్షణంలో తిప్పుతుంది. గాడిలోని మట్టి సూదిమొనతో గీకేయండి. తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. డ్రైవర్‌ను అపసవ్య దిశకు పెట్టి, నిటారుగా పట్టుకుని, చేత్తో అటే బిగబట్టి, కిలో సుత్తితో నాలుగైదు గట్టి దెబ్బలు వేయండి. కారు జాక్ మీద మాత్రమే ఉంటే ఇది చేయకూడదు, స్టాండ్ తప్పనిసరి.

అప్పటికీ కదలక స్క్రూను వేడి చేయడానికి మంట పెట్టాలనుకుంటే బ్రేకు గొట్టానికీ రబ్బరుకూ దూరంగా పెట్టాలి. క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనర్ చల్లిన చోట మాత్రం అసలొద్దు, వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

గాడి పూర్తిగా పోయిందా? ముందు 3, తర్వాత 8 మిల్లీమీటర్ల డ్రిల్లుతో తల లేపేయండి. తల పోగానే స్క్రూను లాగిపట్టిన బిగువు పోతుంది. డిస్కు తీశాక బయట మిగిలిన మొండెం చాలాసార్లు కటింగ్ ప్లయర్‌కే తిరిగి వచ్చేస్తుంది.

నడిచేటప్పుడు డిస్కును అదిమి పట్టేవి చక్రం నట్లు. ఈ స్క్రూల పని చక్రం లేనప్పుడు డిస్కు కదలకుండా చూడటమే. అందుకే కొత్తవాటికి 10 న్యూటన్‌మీటర్ల బిగింపు సరిపోతుంది. మళ్లీ పట్టేయకుండా ఆపే యాంటీసీజ్ పేస్టును మరలకు పలచగా రాయండి, డిస్కు ముఖానికి నూనె అంటితే బ్రేకు క్లీనర్‌తో తుడిచాకే ప్యాడ్లు వేయండి.