కారు దించాక ఏ వీల్ పడుతుంది? అపోహలు - వాస్తవాలు

మూసాపేటలో మా షెడ్డుకి, పొట్టి స్ప్రింగులు వేయించి కారుని నేలకి దగ్గరగా దించుకుని వచ్చే కుర్రాళ్లలో సగం మంది వీల్స్ కొనేశాకే వస్తారు. డిక్కీ ఎత్తి, అట్టపెట్టె విప్పి, "అన్నా, ఇవి పడ్తయా?" అని అడుగుతారు. పడతాయి. బోల్టులు బిగుస్తాయి, ఫొటో కూడా మస్తుగా వస్తుంది. అసలు సంగతి ఇంటిల్లిపాదీ యాదగిరిగుట్టకి బయల్దేరిన రోజు బయటపడుతుంది. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీ నిండా సామాను, మొదటి స్పీడ్ బ్రేకర్ దిగగానే వెనక చక్రం పైనుంచి ఖర్రుమని చప్పుడు. సోమవారం పొద్దున మళ్లీ మా షెడ్డు ముందు ఉంటారు.

అపోహ: ఈటీ అంకె తగ్గితే వీల్ బయటికొస్తుంది, లుక్ వస్తుంది. అంతకు మించి చూసేదేం లేదు.

ఈటీ అంటే ఆఫ్‌సెట్. రిమ్ వెడల్పుకి సరిగ్గా మధ్యలో ఒక గీత ఊహించుకోండి. వీల్‌లో హబ్‌కి (కారువైపు వీల్ బిగించే గుండ్రటి భాగం) ఆనుకునే ముఖం ఆ గీతకి ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో ఆ అంకె చెబుతుంది. అంకె పెద్దదైతే వీల్ లోపలికి కూర్చుంటుంది, చిన్నదైతే బయటికి వస్తుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. మర్చిపోయేది వెడల్పుని. రిమ్ వెడల్పు పెరిగితే అది రెండు వైపులా పెరుగుతుంది.

మొన్న ఒక కుర్రాడు 40 మి.మీ. దించిన ఫోక్స్‌వ్యాగన్ పోలో తెచ్చాడు. పాత వీల్ వెనక పోతపోసిన అంకెలు: 15 అంగుళాలు, వెడల్పు 6, ఈటీ 40. కొత్తది 17 అంగుళాలు, వెడల్పు 7.5, ఈటీ 35. "అయిదే కదన్నా తేడా" అన్నాడు. సుద్దముక్కతో గోడమీద లెక్క వేసి చూపించా. 6 అంగుళాలంటే 152.4 మి.మీ., అందులో సగం 76.2. హబ్ ముఖం నుంచి బయటి అంచు ఎంత దూరమో కావాలంటే సగంలోంచి ఈటీ తీసెయ్యాలి: 36.2. లోపలి అంచుకి ఈటీ కలపాలి: 116.2. కొత్త వీల్ వెడల్పులో సగం 95.25. బయటికి 60.25, లోపలికి 130.25. అంటే పాతదానికన్నా బయటికి 24 మి.మీ., లోపలికి 14 మి.మీ. ఎక్కువ. రెండూ కలిపితే 38, అంటే పెరిగిన ఒకటిన్నర అంగుళం. ఈ మొత్తం సరిపోకపోతే లెక్క ఎక్కడో తప్పినట్టే. టైరు పక్కగోడ ఉబ్బు దీనికి అదనం.

ఈ రెండు అంకెలు చేతిలో ఉంటే పాత వీల్‌తోనే కొలుచుకోవచ్చు. టైరుకీ, లోపల షాక్ అబ్జార్బరూ స్ప్రింగూ కలిసి నిలువుగా ఉండే స్ట్రట్‌కీ మధ్య ఇప్పుడు ఎంత సందు ఉంది? పోలోలో నా వేలు పట్టింది కానీ 14 మి.మీ. పోతే మిగిలేది ఎంతో కుర్రాడికే అర్థమైంది. రూపాయి ఖర్చు లేని పని ఇది, కొనకముందు చేస్తే.

అపోహ: కారు దించితే వీల్ లోపల స్ట్రట్‌కి తగులుతుంది.

ఇది దాదాపు అందరూ నమ్మేది. మన చిన్న కార్లలో ముందువైపు ఉండే మెక్‌ఫర్సన్ స్ట్రట్ నకుల్‌కే, అంటే హబ్‌ని పట్టుకునే దిమ్మెకే బిగించి ఉంటుంది. వీల్ పైకి లేస్తే అదీ లేస్తుంది, వీల్ తిరిగితే అదీ తిరుగుతుంది. కాబట్టి కారు ఎంత దించినా, స్టీరింగ్ ఎంత తిప్పినా ఆ సందు మారదు. ఆపి ఉన్న కారులో తగలకపోతే పరుగులోనూ తగలదు. కాయిల్‌ఓవర్ (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాక్ సెట్టు) వేసినప్పుడు మాత్రం స్ప్రింగ్ కూర్చునే పళ్లెం కిందికి దిగి టైరు ఎత్తుకి రావచ్చు, దాన్ని విడిగా చూడాలి.

దించినందువల్ల నిజంగా తగ్గేది పైనున్న చోటు. ఫెండర్ (చక్రం మీది బాడీ రేకు) అంచు, లోపలి ప్లాస్టిక్ లైనర్, ఈ రెండే ఒరుసుకునేవి. ముందు చక్రాలు పైకి లేచేటప్పుడు పైభాగం కాస్త లోపలికి వాలుతుంది, అంతో ఇంతో తప్పించుకుంటాయి. పోలోలో వెనక ఉండేది ట్విస్ట్ బీమ్, అంటే రెండు చక్రాలనీ కలిపే అడ్డ దూలం, అందులో రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే ఆ వాలు దాదాపు రాదు. చక్రం నిటారుగా వెళ్లి అంచుకి తగులుతుంది. యాదగిరిగుట్ట కథ వెనక చక్రం దగ్గరే మొదలయ్యేది అందుకే.

మా దగ్గర పరీక్ష చాలా సింపుల్. టైరు భుజం మీద, పక్కగోడ పై భాగాన సుద్ద మందంగా రుద్దుతాం. వెనక ముగ్గురు, ముందు ఇద్దరు కూర్చుని మా గల్లీ స్పీడ్ బ్రేకర్లు నాలుగు దాటి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి వస్తాం. లైనర్ మీద తెల్లటి మరక ఎక్కడ పడితే అక్కడే తగిలింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల్లో స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తుండి, 3.7 మీటర్ల పొడవున మెల్లగా లేచి దిగాలి. మన కాలనీల్లో సిమెంటు మిగిలిన రోజు పోసినవి అలా ఉంటాయా! పరీక్షకి మాత్రం వాటిని మించినవి లేవు.

అపోహ: 15 తీసి 17 వేస్తే కారు ఎత్తు పెరుగుతుంది, దించింది సర్దుకుంటుంది.

ఎత్తుని నిర్ణయించేది టైరు బయటి వ్యాసం. 185/60 ఆర్15 అంటే వెడల్పు 185 మి.మీ., పక్కగోడ అందులో 60 శాతం, రిమ్ 15 అంగుళాలు. దాని వ్యాసం 603 మి.మీ., 215/40 ఆర్17ది 604. ఇక్కడ ఎత్తు పెరగలేదు, పక్కగోడ మాత్రం 111 నుంచి 86 మి.మీ.కి తగ్గింది. వానాకాలం నీళ్లలో కనిపించని గుంతలో పడితే దెబ్బ తినేది రిమ్ అంచే. అదే 205/45 ఆర్17 వేస్తే వ్యాసం 616 అవుతుంది, కారు ఆరేడు మి.మీ. లేస్తుంది, టైరు అంచు కూడా ఫెండర్‌కి అంతే దగ్గరవుతుంది.

టైరు మీద లోడ్ ఇండెక్స్ కూడా చూడండి. 84 అంటే ఒక్కో టైరు 500 కిలోలు మోస్తుంది, 83 అంటే 487. 215/40 ఆర్17లో మామూలు రకానికి 83 వస్తుంది. 87 ఉన్న ఎక్స్‌ట్రా లోడ్ రకం 545 కిలోలు మోస్తుంది, కానీ దానికి గాలి ఎక్కువ పెట్టాలి. పాత టైరు అంకెకన్నా కిందికి దిగొద్దు. దించిన కారు బరువు తగ్గదు కదా.

అపోహ: ఈటీ ఎక్కువైతే స్పేసర్ వేసుకోవచ్చు.

వేసుకోవచ్చు, స్పేసర్ అంటే హబ్‌కీ వీల్‌కీ మధ్య పెట్టే పళ్లెం, 10 మి.మీ.ది వేస్తే ఈటీ 10 తగ్గినట్టే. కానీ బోల్టు కూడా 10 మి.మీ. పొడవుది కావాలి. పాత బోల్టులతోనే బిగించి తెచ్చిన కారు ఒకటి చూశా. వేళ్లతో తిప్పితే నాలుగు చుట్లకే ఊడి చేతిలోకొచ్చింది, ఆ కారు ఔటర్ రింగ్ రోడ్డు మీద నుంచే వచ్చింది. ఇంకో సంగతి: ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ బోల్టుల తల కింద గుండ్రంగా ఉంటుంది, బయట కొనే అలాయ్‌లలో చాలావాటికి 60 డిగ్రీల శంకువు కావాలి. గుండ్రటి తలని శంకువు గుంతలో బిగిస్తే సన్నని గీత మేరకే ఆనుతుంది. బిగింపు కొలిచే టార్క్ రెంచ్ టక్కుమంటుంది, మనకి ధీమా వస్తుంది, బోల్టు మాత్రం వదులవుతుంది.

అపోహ: 90 దాటాక స్టీరింగ్ వణికితే బ్యాలెన్సింగ్ పోయినట్టే.

మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించుకుని వచ్చేవాళ్లున్నారు. ముందు వీల్ మధ్య రంధ్రం చూడండి. పోలో హబ్ 57.1 మి.మీ., బయటి వీల్స్‌లో చాలావాటి రంధ్రం 73.1. మధ్యలో 16 మి.మీ. గాలి. వీల్ సరిగ్గా నడిమధ్యన కూర్చోకపోతే వణుకు వస్తుంది. ఆ సందు నింపే హబ్ రింగు వేయండి, ఖరీదు కూడా పెద్దగా ఉండదు.

అపోహ: దించితే క్యాంబర్ వల్ల టైర్లు లోపలివైపు అరిగిపోతాయి.

క్యాంబర్ అంటే చక్రం నిటారుగా కాక పక్కకి వాలడం. కాస్త క్యాంబర్ వల్ల టైరు అంత త్వరగా అరగదు. దించినప్పుడు మారిపోయిన టో (పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరగడం) వల్ల అరుగుతుంది. స్ప్రింగులు వేయించి అలైన్‌మెంట్ వాయిదా వేసినవాళ్ల టైర్ల లోపలి అంచున తీగలు తేలడం నేను చాలాసార్లు చూశా.

అపోహ: వీల్సే కదా, ఎవరడుగుతారు?

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కనీసం ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే చెప్పండి, క్లెయిమ్ రోజు కాదు.

పోలో కుర్రాడు ఆ 17లు వెనక్కిచ్చేసి, 16 అంగుళాలు, వెడల్పు 7, ఈటీ 38 తెచ్చాడు. బయటికి 15, లోపలికి 11 మి.మీ. కూడా నిండలేదు. సుద్ద పరీక్షలో వెనక ఎడమవైపు లైనర్ మీద చిన్న మరక పడింది, ఒక స్క్రూ తల కోసేస్తే పోయింది. బోల్టులు 120 న్యూటన్ మీటర్లకి బిగించి, 80 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రమ్మన్నా. వచ్చాడు. ఇరవై బోల్టుల్లో మూడు పావు చుట్టు తిరిగాయి.