‘అరుదు’ని ఇంగ్లిష్‌లో చెప్పేటప్పుడు: అపోహలు - వాస్తవాలు

తెలుగులో ‘అరుదు’ అనే ఒక్క మాటతో పని గడిచిపోతుంది. ఇంగ్లిష్‌లో ఎప్పుడో ఒకసారి జరిగేదానికి ఒక మాట, వెతికినా దొరకనిదానికి మరో మాట. ఈ రెండూ కలిపేయడంతోనే చాలా తప్పులు వస్తాయి.

అపోహ: ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అరుదైన దేనికైనా సరిపోతుంది.

వాస్తవం: ఎన్నాళ్లకోసారి జరుగుతుందో చెప్పడానికే అది. ‘అన్నయ్య అమావాస్యకో పున్నమికో ఫోన్ చేస్తాడు’ అనాలంటే ‘మై బ్రదర్ కాల్స్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’. చక్కగా అతుకుతుంది. ‘దిస్ కాయిన్ ఈజ్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ మాత్రం తప్పే. నాణెం జరిగేది కాదు, ఉండేది. దానికి ‘వెరీ రేర్’ చాలు. గడువు తెలిసినవాటికీ ఇది వాడకూడదు. పుష్కరాలు పన్నెండేళ్లకోసారి తప్పకుండా వస్తాయి కాబట్టి ‘వన్స్ ఎవ్రీ ట్వెల్వ్ ఇయర్స్’ అనాలి.

అపోహ: బ్లూ మూన్ అంటే నీలి చంద్రుడు.

వాస్తవం: ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న అర్థం ఒకే ఇంగ్లిష్ నెలలో పడే రెండో పున్నమి. పున్నమికీ పున్నమికీ మధ్య సుమారు 29.5 రోజులు. అందుకే ఒకటో తారీఖునో రెండో తారీఖునో పున్నమి వస్తే నెలాఖరుకు మరొకటి పడొచ్చు. రెండున్నర, మూడేళ్లకోసారి ఇలా అవుతుంది. 2023 ఆగస్టులో వచ్చింది. ఆ ఏడాదే మనకు అధిక శ్రావణం. చంద్రుడి నెలలకూ సూర్యుడి ఏడాదికీ పొంతన కుదరకపోవడమే రెండింటికీ మూలం.

అపోహ: ‘ఫ్యూ అండ్ ఫార్ బిట్వీన్’ని (చాలా తక్కువగా, ఎక్కడో ఒకటి దొరికేవి అని అర్థం) నామవాచకం ముందు పెట్టొచ్చు.

వాస్తవం: మామూలుగా అది ‘ఆర్’, ‘వర్’ లాంటి క్రియల తర్వాతే వస్తుంది: ‘గుడ్ ప్లంబర్స్ ఆర్ ఫ్యూ అండ్ ఫార్ బిట్వీన్’. లెక్కపెట్టగలిగేవాటికే వాడాలి. ఎండాకాలంలో నీళ్లకు కటకట అయితే ‘వాటర్ ఈజ్ స్కేర్స్’.

కోడికి పళ్లుండవు కదా, అందుకే దొరకని విడిభాగాల గురించి ‘యాజ్ రేర్ యాజ్ హెన్స్ టీత్’ అంటారు. ఇది కబుర్లలో బాగుంటుంది, ఆఫీసు ఉత్తరంలో వద్దు.

అపోహ: ‘రేర్లీ’తో పాటు ‘డోంట్’ కూడా ఉండాలి.

వాస్తవం: ఇది తెలుగు వాక్యం నుంచి వచ్చే పొరపాటు. ‘ఎప్పుడో తప్ప బయట తినను’ అంటాం. ‘తినను’లోని వ్యతిరేకార్థమే ‘డోంట్’గా మారి ఇంగ్లిష్‌లోకి దూరుతుంది. ‘రేర్లీ’లోనే ఆ ‘లేదు’ ఉంది. ‘ఐ రేర్లీ ఈట్ అవుట్’ అంటే సరి. ‘ఐ రేర్లీ డోంట్ ఈట్ అవుట్’ అంటే దాదాపు రోజూ బయటే తింటానని అర్థం.