హైటెన్షన్ టవర్లు: పొలం గట్టు మీద వినే అపోహలు, అసలు వాస్తవాలు

పాతికేళ్లుగా ట్రాన్స్‌మిషన్ లైన్ల మెయింటెనెన్స్‌లో ఉన్నాను. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల టవర్ల వెంట నడుస్తుంటే జనం ఆపి మరీ అడిగే మాటలు కొన్ని ఉంటాయి. వాటికి ఇక్కడ కాస్త తీరిగ్గా జవాబు చెబుతాను.

అపోహ: ఇవి నిన్నమొన్న వచ్చినవి, వీటికి చరిత్రేముంది?

వాస్తవం: శివనసముద్రం దగ్గర కావేరి నీళ్లతో తీసిన కరెంటు 1902లోనే దాదాపు 147 కిలోమీటర్లు తీగల మీద నడిచి కోలార్ బంగారు గనులకు చేరింది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. మన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం వీటీపీఎస్ మొదటి యూనిట్ 1979 నాటిది. దాని నుంచి లైన్లు లాగుతుంటే నోరు తెరుచుకుని చూసిన పిల్లలు ఇప్పుడు మనవల్ని ఎత్తుకుంటున్నారు.

అపోహ: టవర్లు ఊరి అందం పాడు చేస్తాయన్న బాధ మనకే ఉంది.

వాస్తవం: ఈ గొడవ చాలా పాతది. బ్రిటన్‌లో 1928లో మొదటి టవర్లు నిలబెట్టేముందు, వాటి డిజైన్ ఎంచే పని రెజినాల్డ్ బ్లోంఫీల్డ్ అనే పేరున్న ఆర్కిటెక్ట్‌కు అప్పగించారు. అయినా ఇంగ్లండులోని సౌత్ డౌన్స్ కొండల మీదుగా లైన్ వద్దని మరుసటి ఏడాది రచయిత కిప్లింగ్, ఆర్థికవేత్త కీన్స్ లాంటి వాళ్లు పత్రికకు ఉత్తరం రాశారు. అక్కడ టవర్‌ను పైలాన్ అంటారు. ఈజిప్టు గుళ్ల సింహద్వారానికి ఉన్న పేరది. అదే మాట మన దగ్గర శంకుస్థాపనల గుర్తుగా కట్టే స్తూపానికి అంటుకుంది. నాగార్జునసాగర్‌లో పైలాన్ కాలనీ అనగానే మనకు కరెంటు టవర్ గుర్తు రాదు, 1955లో నెహ్రూ వేసిన పునాది రాయి గుర్తొస్తుంది. ఒకే మాట అక్కడ జనం వద్దన్న దానికి పేరైంది, ఇక్కడ జనం పండగ చేసుకున్న దానికి పేరైంది. ఈ సంగతి నాకు భలే ఇష్టం.

అపోహ: టవర్ వేస్తే ఆ నేల ప్రభుత్వానిదైపోతుంది.

వాస్తవం: కాదు. పట్టా రైతు పేరు మీదే ఉంటుంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని అధికారాలను 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ కింద లైన్లకు వాడుకున్నారు. అందుకే భూసేకరణ లేకుండానే లైన్ పొలం మీదుగా పోయింది. మిర్చి చేలో టవర్ నాలుగు కాళ్ల మధ్య ట్రాక్టర్ తిరగదు. అక్కడ కలుపు చేత్తోనే తీయాలి. ఏటా ఆ నాలుగు మూలలా వంగి పనిచేసే మనిషిని చూస్తే, రైతు కోపంలో న్యాయముందని ఒప్పుకోక తప్పదు. టవర్ అడుగు స్థలానికి భూమి విలువలో 85 శాతం ఇవ్వాలని కేంద్రం 2015లో మార్గదర్శకాలిచ్చింది. 2024లో దాన్ని 200 శాతానికి, తీగల కింద కారిడార్‌కు 30 శాతానికి పెంచింది. నా దృష్టిలో ఇది ఎప్పుడో జరగాల్సిన పని.

అపోహ: లైన్ చిటచిటలాడుతుంటే కరెంటు కారి కిందికి దిగుతోందని అర్థం.

వాస్తవం: ధనుర్మాసంలో తెల్లవారుజామున, కృష్ణ మీద మంచు కమ్మినప్పుడు 400 కేవీ (నాలుగు లక్షల వోల్టుల) లైన్ కింద నిలబడండి. నూనెలో ఆవాలు వేసినట్టు వినిపిస్తుంది. తీగను అంటుకున్న గాలి పొర విద్యుత్ ఒత్తిడికి చిట్లడమే ఆ శబ్దం. దాన్ని కరోనా అంటాం, ఆ పేరున్న జబ్బుతో దీనికి సంబంధం లేదు. ఎండెక్కితే తగ్గిపోతుంది. అసలు ప్రాణం తీసేది ఆ చప్పుడు కాదు. లైన్ కింద బోరు పైపు నిలువుగా ఎత్తడం, నున్న ఊరి మామిడి తోటల్లో ఇనుప గొట్టానికి చిక్కం కట్టి పైకి లేపడం. దయచేసి ఆ పని చేయకండి. తీగను తాకనక్కర్లేదు, బాగా దగ్గరికి పోతే చాలు.

క్యాన్సర్ భయం గురించి కూడా అడుగుతారు. లైన్ల చుట్టూ ఉండే ఇలాంటి అయస్కాంత క్షేత్రాలను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2002లో ‘కారణం కావచ్చు’ అనే వర్గంలో పెట్టింది. అంటే రుజువు కాలేదు, లేదని తేలనూ లేదు.

అపోహ: పిట్టల కాళ్లకు షాక్ కొట్టదు.

వాస్తవం: కాళ్లలో ప్రత్యేకత ఏమీ లేదు. రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉంటే కరెంటు పిట్టలోంచి పోవాల్సిన పని లేదు, అంతే. రెక్క పక్క తీగకో, తీగల్ని మోసే అడ్డ ఇనుప కమ్మీకో (క్రాస్ ఆర్మ్) తగిలితే పిట్ట మిగలదు. దసరా నాడు పాలపిట్టను చూడాలని పొలాలకు వెళ్లేవాళ్లు ముందు తల ఎత్తేది కరెంటు తీగల వైపే. పొలాల్లో పొట్టి స్తంభాల మీద పోయే లైన్లను చూడండి. మధ్య తీగ మీద నీలిరెక్కలు ముడుచుకుని కూర్చుని ఉంటుంది.