మూడో పిల్లాడు, సర్పంచ్ పదవి: మూడు రాష్ట్రాల ముచ్చట

కాళేశ్వరం దగ్గర గోదావరి బ్రిడ్జి దాటితే సిరొంచ, అంటే మహారాష్ట్ర. ఇంకా ముందుకు పోయి ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని భోపాల్‌పట్నం. అటూ ఇటూ తెలుగు మాట్లాడేవాళ్లే, పెళ్లి సంబంధాలు కూడా కలుపుకుంటారు. ముగ్గురు పిల్లలున్నోళ్లు సర్పంచ్‌గా నిలబడొచ్చా అంటే మాత్రం మొన్నటిదాకా ఒక్కో ఒడ్డున ఒక్కో జవాబు.

మన దగ్గర ఈ ఇద్దరు పిల్లల రూలు 1994 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంతో వచ్చింది. 1995 మే 31 తర్వాత మూడో బిడ్డ పుడితే పోటీకి పనికిరారన్నది ఆ రూలు. 2018లో తెలంగాణ సొంత చట్టం తెచ్చుకుని కూడా దీన్ని అట్లే ఉంచింది. మహారాష్ట్రలో 2001 సెప్టెంబరు కటాఫ్. ఛత్తీస్‌గఢ్‌లో కూడా ఈ రూలు ఉండేది, కొన్నేళ్లకే తీసేశారు. ఇలాంటి రూలు చెల్లుతుందని 2003లో హర్యానా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది (ఎమ్మెల్యేలకు లేనిది వార్డు మెంబరుకే ఎందుకో నాకైతే ఇప్పటికీ ఎక్కదు).

పరకాల వైపు మా చుట్టాల ఊళ్లో ఒకసారి నామినేషన్ల స్క్రూటినీ చూశాను. ఎదుటి వర్గం వాళ్లు మూడో పిల్లాడి బడి బోనఫైడ్ పట్టుకొచ్చారు, పుట్టిన తేదీ కింద ఎర్ర పెన్నుతో గీత గీసి మరీ. పిల్లాణ్ణి తమ్ముడికి దత్తత ఇచ్చేశామని నామినేషన్ వేసినతను కాగితం తీశాడు. దత్తత ఇచ్చినా కన్నది కన్నట్టే అన్నారు అధికారులు. నామినేషన్ పోయింది.

ఇంతా చేస్తే రూలు వల్ల పిల్లలు తగ్గారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో మహిళకు సగటు పిల్లలు తెలంగాణలో 1.8, మహారాష్ట్రలో 1.7. రూలు ఎత్తేసిన ఛత్తీస్‌గఢ్‌లో 2005-06లో 2.6 ఉన్నది ఈ సర్వే నాటికి అక్కడా 1.8. నన్నడిగితే ఆడపిల్లలు బడికి పోవడం, ఇద్దరు కాగానే ఆపరేషన్ చేయించుకోవడం, ప్రైవేటు స్కూలు ఫీజులు చేసిన పని ఇది.

అసలు తిరకాసు ఢిల్లీలో ఉంది. జనాభాను బట్టి జరిగే లోక్‌సభ సీట్ల పంపకాన్ని 1976లో 1971 జనాభా లెక్క దగ్గర ఆపేశారు, 2001లో ఆ గడువును 2026 తర్వాతి జనగణన దాకా పొడిగించారు. ఆ గడువు దగ్గరపడేసరికి తక్కువ కన్న రాష్ట్రాలకు సీట్ల టెన్షన్ పట్టుకుంది, నిన్నటిదాకా ఇద్దరు చాలన్న నోళ్లే ఇంకొకరిని కనమంటున్నాయి. ఆంధ్ర 2024లో, తెలంగాణ 2025లో రూలు తీసేశాయి.

2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికలకు మా బోనఫైడ్ మనిషి మళ్లీ సిద్ధమయ్యాడు. ఈసారి సీటు మహిళలకు రిజర్వయింది.