ఒకటి రెండు చోట్ల వాన

"టీవీలో వాతావరణం చెప్పేవాళ్లకు ఆ శాస్త్రం ఏమైనా తెలుసా? సాయంత్రం వాన అంటారు, మా ఊళ్లో చినుకైనా రాలదు. ఇంక వాళ్లను నమ్మడమెందుకు?" అని ఒక పాఠకుడు అడిగారు. ఈ ఫిర్యాదు వినిపించని ఇల్లు తెలుగునాట ఉండదేమో. ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది త్వరగా తేలిపోతుంది, రెండోది నాకు ఎంతో ఇష్టమైనది.

మన ఛానళ్లలో వాతావరణం చదివేది చాలావరకు వార్తలు చదివేవాళ్లే. సూచన తయారయ్యేది భారత వాతావరణ శాఖ వారి అమరావతి, హైదరాబాద్ కేంద్రాల్లో. బ్రిటన్‌లో మాత్రం బీబీసీ తెర మీద కనిపించేవాళ్లు దశాబ్దాల పాటు వాతావరణ శాఖ ఉద్యోగులే. అయినా ప్రేక్షకుల కోపం వాళ్లనూ వదల్లేదు. 1987 అక్టోబరు 15 మధ్యాహ్నం మైఖేల్ ఫిష్ అనే నిపుణుడు, హరికేన్ వస్తోందని ఎవరో ఫోన్ చేశారని, అలాంటిదేమీ రావడం లేదని బీబీసీలో నవ్వుతూ చెప్పారు. ఆ రాత్రే దక్షిణ ఇంగ్లండ్‌పై పెనుగాలులు విరుచుకుపడ్డాయి. బ్రిటన్‌లో 18 మంది చనిపోయారు, దాదాపు కోటిన్నర చెట్లు నేలకూలాయి. వచ్చింది ఉష్ణమండల హరికేన్ కాదన్న మాట శాస్త్రప్రకారం నిజమే. గాలులు బలంగా వీస్తాయని, వాటి జోరు ఎక్కువగా స్పెయిన్, ఫ్రాన్స్ వైపు ఉంటుందని ఆయన అదే ప్రసారంలో చెప్పారు కూడా. అదేదీ జనానికి గుర్తులేదు, ఆ నవ్వే గుర్తుంది. కాబట్టి చదివేవారికి పట్టా ఉంటే ప్రేక్షకుడి అసంతృప్తి తీరిపోతుందని నేను అనుకోను.

రెండో ప్రశ్న: సూచన నిజమైందో లేదో తేల్చడం ఎలా? మనమంతా మన డాబా మీద నిలబడి తేలుస్తాం. సూచన మాత్రం మన డాబా గురించి చెప్పింది కాదు. "తెలంగాణలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది" అనే వాక్యం అందరికీ కంఠతా వచ్చు. ఇది దాటవేత మాటగా వినిపిస్తుంది కానీ దీని వెనుక కచ్చితమైన అంకెలున్నాయి. ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో పావు వంతుకు మించకుండా వాన నమోదయ్యే పరిస్థితిని "ఒకటి రెండు చోట్ల" అంటారు. 26 నుంచి 50 శాతం కేంద్రాలైతే "కొన్ని చోట్ల". సగం దాటితే ఒక మాట, ముప్పాతిక దాటితే మరో మాట. "తేలికపాటి" అంటే 24 గంటల్లో 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్లు. "మోస్తరు" అంటే 64.4 దాకా. "భారీ" అంటే 64.5 నుంచి 115.5. ఆ 24 గంటలు కూడా అర్ధరాత్రితో ముగియవు, ఉదయం ఎనిమిదిన్నరతో ముగుస్తాయి.

ఇప్పుడు లెక్క చూడండి. "ఒకటి రెండు చోట్ల" అన్న సూచన అక్షరాలా నిజమైన రోజున కూడా కనీసం ముప్పాతిక కేంద్రాల దగ్గర వాన ఉండదు. ఆ కేంద్రాల చుట్టుపక్కల ఉన్న ప్రేక్షకులందరూ "మళ్లీ తప్పింది" అంటారు. సూచన నూటికి నూరుపాళ్లూ ఫలించిన రోజునే మెజారిటీ అభిప్రాయం దానికి వ్యతిరేకంగా ఉంటుంది! ఈ సంగతి మొదటిసారి తట్టినప్పుడు కలిగిన ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

మరి ఆ ఒకటి రెండు చోట్లూ ఏవో ముందే చెప్పకూడదా? తాలింపు పెట్టేవాళ్లందరికీ దీని జవాబు తెలుసు. నూనె కాగితే ఆవాలు చిటపటలాడతాయి. ఎంత కాగాక మొదలవుతుందో కూడా అంచనా వేయవచ్చు. కానీ ఏ గింజ ముందు పేలుతుందో, ఎగిరి ఎటు పడుతుందో చేయి తిరిగిన వంటమనిషి కూడా చెప్పలేరు. వేసవి సాయంత్రపు ఉరుముల వాన అచ్చంగా ఇదే.

ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో నేల మూకుడులా కాగుతుంది. బంగాళాఖాతం నుంచి తేమ గాలి కింది పొరలోకి చేరుతుంది. దానిపైన కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్ల ఎత్తులో వేడి పొడిగాలి పొర ఒకటి పరచుకుని, మూకుడు మీద మూతలా కింది గాలిని అణచి ఉంచుతుంది. కింది గాలి ఆ పొరను దాటేంత వేడెక్కితే ఇక దాన్ని ఆపేదేమీ లేదు. పైకి లేచే కొద్దీ చల్లబడి, అందులోని ఆవిరి నీటి బిందువులుగా మారుతుంది. ఒక కిలో ఆవిరి ఇలా నీరైతే సుమారు 25 లక్షల జౌళ్ల వేడి విడుదలవుతుంది. ఆ వేడితో గాలి ఇంకా తేలికై ఇంకా పైకి పోతుంది. చూస్తుండగానే మేఘం పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు పెరుగుతుంది. ముందుగా ఎక్కడ లేస్తుందన్నది ఒక గుట్ట వాలు మీదో, చెరువుకూ పక్కనున్న ఎండిన చేనుకూ మధ్య ఉన్న రెండు మూడు డిగ్రీల తేడా మీదో ఆధారపడి ఉండవచ్చు. మొదటి మేఘం కురవగానే చల్లగాలి కిందికి దిగి నేల వెంట పాకుతూ, పక్కనున్న వేడిగాలిని పైకెత్తుతుంది. పేలిన గింజ పక్క గింజలను కదిపినట్టుగా, ఒక వాన ఇంకో వానకు కారణమవుతుంది. ఒక్కో మేఘఖండం ఆయుష్షు అరగంట నుంచి గంట. పది కిలోమీటర్ల అడ్డుకొలత ఉన్న ఖండం దాదాపు 80 చదరపు కిలోమీటర్లను తడుపుతుంది. తెలంగాణ విస్తీర్ణం 1.12 లక్షల చదరపు కిలోమీటర్లు. అలాంటివి యాభై ఒక్కసారిగా కురిసినా రాష్ట్రంలో తడిసేది నాలుగు శాతం లోపే.

కంప్యూటర్ నమూనాలు నేలను గళ్లుగా విభజించి లెక్క కడతాయి. 2025 మే నెలలో మన దేశం ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి ఆరు కిలోమీటర్లు. అంతకుముందు పన్నెండు. ఇది పెద్ద ముందడుగే. కానీ ఒక మేఘాన్ని సరిగ్గా గుర్తించాలంటే దాని మీద అనేక గళ్లు పడాలి. దీనికి తోడు అమెరికా వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 1961లో కంప్యూటర్ లెక్కల్లో చూసిన చిక్కు ఒకటుంది. ఆయన 0.506127 అనే అంకెకు బదులు 0.506 వేసి లెక్క మళ్లీ నడిపితే, కొంతసేపటికి పూర్తిగా వేరే వాతావరణం వచ్చింది. అందుకే 1992 నుంచి ఐరోపా దేశాల ఉమ్మడి వాతావరణ సూచన కేంద్రం ఒకే సూచనను, ఆరంభపు అంకెలను కొద్దికొద్దిగా మార్చి, అనేకసార్లు నడుపుతోంది. ఇప్పుడు ఆ సంఖ్య 51. వాటిలో పదిహేనింట వాన పడితే "వాన అవకాశం సుమారు 30 శాతం" అని చెప్పవచ్చు. ఈ 30 శాతం ఒక్క రోజుతో నిజమో అబద్ధమో తేలేది కాదు. అలా చెప్పిన వంద రోజులను పక్కన పెట్టుకుని, వాటిలో ముప్పై రోజులకు దగ్గరగా వాన పడిందా అని చూడాలి.

మార్కులు వేయడంలో ఇంకో ఉచ్చు ఉంది. 1884లో అమెరికాలో జాన్ ఫిన్లీ అనే సైనికోద్యోగి 2,803 టోర్నడో సూచనలు చేసి, 96.6 శాతం సరిపోయాయని ప్రకటించారు. కానీ ప్రతిసారీ "టోర్నడో రాదు" అని చెప్పి ఊరుకుంటే 98.2 శాతం వచ్చేదని గిల్బర్ట్ అనే ఆయన వెంటనే ఎత్తిచూపారు. నిజంగా వచ్చిన 51లో ఫిన్లీ పట్టుకున్నవి 28. ఆ 28 విలువ శాతంలో కనిపించదు. మన అనంతపురంలోనూ రోజూ "రేపు వాన లేదు" అనేవారు ఏ ఉపగ్రహమూ లేకుండానే ఎక్కువ రోజులు నెగ్గుతారు. పదో తరగతి గణితంలో సంభావ్యత నేర్పేటప్పుడు పాచికలు, పేకముక్కలు పక్కన పెట్టి పిల్లలతో ఒక సంవత్సరం వాతావరణ సూచనలకు మార్కులు వేయించాలని నా కోరిక.

ఉగాది పంచాంగ శ్రవణానికి మాత్రం మార్కులు వేసేవాళ్లు కనిపించరు. ఈ ఏడు కురిసే వానలో ఇన్ని భాగాలు సముద్రంలో, ఇన్ని పర్వతాల మీద, ఇన్ని భూమి మీద అని చదువుతారు. అది తప్పని ఎలా తేల్చాలో చెప్పకుండానే చదువుతారు. తేల్చే దారి లేని జోస్యం ఎప్పటికీ తప్పుగా తేలదు. దాని గౌరవం చెక్కుచెదరదు. రోజూ కొలతకు నిలబడే శాస్త్రం మీదేమో నింద పడుతుంది. కార్తెలను నేను ఈ గాటన కట్టను. అవి సూర్యుడి నడకను అనుసరించేవి కాబట్టి మృగశిరకు తొలకరి వస్తుందన్నది తరతరాల పరిశీలన. అది సగటు శీతోష్ణస్థితిని చెబుతుంది, రేపటి సంగతి చెప్పదు.

తుపాను దగ్గరకు వస్తే కథ మారిపోతుంది. అది వందల కిలోమీటర్ల మేర ఒక కేంద్రం చుట్టూ తిరిగే వ్యవస్థ. నమూనాల గళ్లకు తేలిగ్గా చిక్కేంత పెద్దది. 1977 నవంబరులో దివిసీమలో వేలమంది కొట్టుకుపోయారు. 1999లో ఒడిశాలో దాదాపు పదివేలమంది పోయారు. 2013 అక్టోబరులో ఫైలిన్ అదే ఒడిశా తీరాన్ని తాకేలోగా లక్షలమందిని ఖాళీ చేయించగలిగారు, మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. ఉరుముల వాన తప్పిందని శాఖను తిట్టే మనం ఈ లెక్కను కూడా ఎదురుగా పెట్టుకోవాలని గట్టిగా కోరుకుంటున్నాను.

పాఠకుడి ప్రశ్నకు ఆచరణలో జవాబు కూడా ఉంది. మధ్యాహ్నం నాలుగింటికి మీ ఊరి సంగతి తెలియాలంటే ఉదయపు బులెటిన్ సరిపోదు. మేఘం లేచాక డాప్లర్ రాడార్ దాన్ని చూస్తుంది. రాబోయే రెండు మూడు గంటలకు జిల్లాలవారీగా సూచన వస్తుంది, అది చూడండి. టీవీలో పటం మీద పసుపు, నారింజ, ఎరుపు రంగులు కనిపిస్తే అవి కేవలం వాన కొలతలని అనుకోవద్దు. జరిగే అవకాశం ఎంత, జరిగితే నష్టం ఎంత అన్న రెండూ కలిపి ఆ రంగు నిర్ణయిస్తారు. ఏడు సెంటీమీటర్ల వాన నల్లమల అడవిలో కురవడం వేరు, కాలువలు పూడిన హైదరాబాద్ రోడ్ల మీద, ఉద్యోగులు ఇళ్లకు వెళ్లే వేళ కురవడం వేరు. ఛానళ్లు రంగు చూపించినప్పుడు ఈ రెండు అంశాలూ, ఆ రోజు వాన అవకాశపు శాతమూ ఒక్క వాక్యంలో చదివితే చాలు. దానికి పది సెకన్ల కన్నా ఎక్కువ పట్టదు.