క్లియరెన్స్ ఫారం నింపబోయే పిల్లలకు

ప్రియమైన పిల్లలకు,

మీలో కొందరు వర్జీనియా, మేరీలాండ్ వైపు డిఫెన్స్ కంపెనీల్లో చేరబోతున్నారని మీ అమ్మలు చెప్పారు. సంతోషం. అక్కడ ప్రభుత్వ రహస్యాలు చూడాలంటే సెక్యూరిటీ క్లియరెన్స్ అనే అనుమతి కావాలి. దానికోసం త్వరలో మీ చేతికి ఎస్‌ఎఫ్-86 అనే పొడవాటి ఫారం వస్తుంది. పదేళ్లుగా ఎక్కడున్నారు, ఎక్కడ పనిచేశారు, గత ఏడేళ్లలో డ్రగ్స్ ముట్టుకున్నారా, ఏ ఉద్యోగం నుంచైనా తీసేశారా, అన్నీ అడుగుతారు.

ఆ క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి అమెరికా ప్రభుత్వానికి 13 అంశాలున్నాయి. ఇప్పుడున్న మార్గదర్శకాలు 2017 జూన్ 8న అమల్లోకి వచ్చాయి. అప్పులు, తాగుడు, విదేశాల్లో ఉన్న బంధువులు, ఇవన్నీ వేరే పద్దులు. ఐదోది వ్యక్తిగత ప్రవర్తన, అంటే మీరు నిజాయితీగా ఉన్నారా, మిమ్మల్ని నమ్మవచ్చా అన్నది. మన ఇళ్ల విషయంలో నాకు భయం దీని దగ్గరే.

కాలేజీలో ఎప్పుడో ఒకసారి గంజాయి తాగారనుకోండి. రాష్ట్రంలో లీగలే అయినా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. అయినా చాలాకాలం గడిచి, మళ్లీ ముట్టుకోకపోతే సర్దుకునే అవకాశం ఉంది. అదే ఫారంలో ‘లేదు’ అని పెట్టారో, తెలిసి అబద్ధం రాసినట్టు. ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడగల నేరం అది.

ఏదో పార్టీలో ఒక అంకుల్ ‘అది రాయకు, వాళ్లకెలా తెలుస్తుంది’ అంటాడు. సలహా విని వదిలేశామంటే నియమాలు కొంత కనికరిస్తాయి. కానీ ఆ సలహా లాయరో, సెక్యూరిటీ బాధ్యత ఉన్న అధికారో ఇచ్చి ఉండాలి. బిర్యానీ క్యూలో దొరికిన సలహా లెక్కలోకి రాదు. లేని అనుభవం రెజ్యూమెలో పెట్టే కన్సల్టెన్సీల జోలికీ పోవద్దు. మీ వివరాలు ఆరా తీసే ఇన్వెస్టిగేటర్ పాత కంపెనీని నేరుగా అడగగలడు.

పొరపాటున ఏదైనా వదిలేస్తే, అధికారులు ఆధారం మీ ముందు పెట్టకముందే మీరే వెళ్లి చెప్పండి. వాళ్లు చూపించాక ఒప్పుకుంటే అంత విలువ ఉండదు.

ఇంకో సంగతి. ఇంట్లో తెలిస్తే పరువు పోతుందని మీరు వణికే విషయం ఏదైనా ఉందా? జూదం కావచ్చు, ఒక రాత్రి అరెస్టు కావచ్చు, ఎవరితోనో ప్రేమ కావచ్చు. దాన్ని పట్టుకుని ఎవరైనా మిమ్మల్ని బెదిరించి రహస్యాలు లాగవచ్చన్నదే ప్రభుత్వం అనుమానం. అమ్మానాన్నలకు చెప్పేస్తే బెదిరించేవాడికి పట్టు దొరకదు. అలా ముందే జాగ్రత్త పడ్డామని చూపిస్తే అది మీకు అనుకూలంగానే లెక్కకొస్తుంది. మన ఇళ్లలో ఇది ఫారం నింపడం కన్నా కష్టమని నాకు తెలుసు. ఈ ఉత్తరం వాళ్లకీ చూపించండి. అరవకుండా వినడం వాళ్ల వంతు.

కౌన్సెలింగ్‌కి వెళ్లినందుకు టెన్షన్ పడకండి. ఆ ఒక్క కారణంతో మీ మీద చెడు అభిప్రాయం పెట్టుకోకూడదని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది.

చిన్నోడు స్పీడింగ్ టికెట్ గురించి అడిగాడట. జరిమానా 300 డాలర్ల లోపే అయి, మద్యం, డ్రగ్స్‌తో సంబంధం లేకపోతే దాన్ని పోలీసు రికార్డుల ప్రశ్నలో రాయనక్కర్లేదు. మెల్లగా నడపమన్నానని మాత్రం చెప్పండి.

మీ పెదనాన్న